వచ్చిపోయేవాళ్ళ లెక్క

26 డిసెంబర్ 2024, గురువారం

పొద్దున టీకొట్టు దగ్గర ఒకటే పంచాయితీ. నిన్న మన మెదక్ చర్చికి ఎంతమంది వచ్చిండ్రు? ఒకాయన లక్షకు తక్కువ లేదంటాడు. ఇంకొకాయన రెండు లక్షల దాకా పోతాడు. కొట్టాయన ఈ లక్షల జోలికి పోలేదు, తన దగ్గర ఎన్ని క్యాన్ల పాలు అయిపోయినయో చెప్పి ఊరుకున్నాడు. నన్ను చూడగానే అందరూ ఇటు తిరిగారు. "లెక్కల సారు రానే వచ్చిండు, ఆయన్నే అడుగుండ్రి." మండల గణాంకాధికారిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. వాన ఎన్ని మిల్లీమీటర్లు, వరి ఎకరానికి ఎన్ని క్వింటాళ్ళు, గొర్రెలెన్ని, బోర్లెన్ని అంటే ఏళ్ళ తరబడి చెప్పాను. నిన్నటి జనం సంగతి మాత్రం నాకూ తెలియదన్నాను. వాళ్ళకు ఆ జవాబు నచ్చలేదు.

ఇంటికొచ్చి కాగితం తీశాను. చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100. మొత్తం 20,000 చదరపు అడుగులు. లోపల 5,000 మంది పడతారని చిన్నప్పటి నుంచి వింటున్న మాట. మనిషికి నాలుగు చదరపు అడుగులన్నమాట, అంటే బాగా సర్దుకుని కూర్చోవాలి. అమెరికాలో బర్క్‌లీలో జర్నలిజం పాఠాలు చెప్పిన హెర్బర్ట్ జాకబ్స్ 1960ల్లో తన కిటికీ కింద జరిగే విద్యార్థుల సభలను చూసి ఇట్లాంటి లెక్కే కట్టాడు. నేలను గళ్ళుగా విడదీసుకున్నాడు. పలుచగా నిలబడితే మనిషికి పది చదరపు అడుగులు, దగ్గరగా ఉంటే నాలుగున్నర, ఊపిరాడకుండా ఉంటే రెండున్నర. మా పంట కోత ప్రయోగమూ ఇదే పద్ధతి. పొలమంతా కోయము. ఎక్కడ కోయాలో చీటీ ప్రకారం తేల్చుకుని, చిన్న గడి గీసి, అందులోది కోసి, నూర్చి, తూచి, దాన్నిబట్టి మండలానికంతా చెప్తాము.

చిక్కేమిటంటే వరి కదలదు. నిన్నటి జనం తెల్లారుజామున మొదలై రాత్రి దాకా వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. గేటు దగ్గర గంటగంటకూ లెక్కపెట్టినవాడు ఒక్కడు ఉంటే తప్ప ఆ టీకొట్టు పంచాయితీ తెగదు.

చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో మొదలుపెట్టించిన చర్చి ఇది. కరువు కాలంలో కడుపు చేతపట్టుకుని వచ్చినవాళ్ళకు పని చూపించి అన్నం పెట్టిన కట్టడమని మా తాతల తరం చెప్పేది. 1924 డిసెంబర్ 25న తెరిచారు. నిన్నటితో వందేళ్ళు. ముఖ్యమంత్రి కూడా ఏడుపాయల దుర్గమ్మ గుడి చూసుకుని ఇక్కడికి వచ్చారు. రాందాస్ చౌరస్తా నుంచి నడిచే వెళ్ళాను, బండి పెట్టే జాగా దొరకదని ముందే తెలుసు కాబట్టి. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళకు అది ఎవరు చెప్పాలి?

9 జనవరి 2025, గురువారం

నిన్న రాత్రి తిరుపతిలో తొక్కిసలాట. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్ళు ఆరుగురు చనిపోయారు. పొద్దుటి నుంచి టీవీ కట్టేయలేదు.

యాత్రాస్థలాల్లో తిరుమల అంత లెక్క పెట్టే చోటు మన దేశంలో ఇంకొకటి ఉందో లేదో. నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారు, ఎంతమంది తలనీలాలిచ్చారు, హుండీ ఎంత, ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుంది అన్నది రోజూ పేపర్లో వస్తుంది. ఈ లెక్కలో నాకు నచ్చేది ఆ చివరి ముక్క. హుండీ అంకెతో నాకు పని లేదు. "18 గంటలు" అని చూసిన మనిషి ప్రయాణం రెండు రోజులు వాయిదా వేసుకోగలడు. లెక్క అతని చేతికి తిరిగి వచ్చింది.

కానీ టోకెన్లు పెట్టింది కొండ మీద క్యూ తగ్గడానికి. క్యూ తగ్గలేదు, కొండ దిగి పట్నం వీధుల్లోకి వచ్చింది. ఇవాళ పొద్దున ఇవ్వాల్సిన టోకెన్లకు జనం నిన్న సాయంత్రానికే చేరారు. లోపలికి అడుగుపెట్టినవాణ్ణి లెక్కపెట్టే పద్ధతి ఉంది. బయట రోడ్డు మీద ఎదురుచూస్తున్నవాణ్ణి లెక్కపెట్టే పద్ధతి ఏది? శివరాత్రికి మన ఏడుపాయలలో కూడా చూడాల్సింది గుడి గేటు ఒక్కటే కాదనిపిస్తోంది. పాపన్నపేట రోడ్డు కూడా చూడాలి.

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

చిన్నబిడ్డ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "బాపు, నీ మెదక్ డేటా మా ఆఫీసుల ఒకడు డ్యాష్‌బోర్డు జేసిండు, చూడు" అని లింకు పంపింది. తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో జిల్లాలవారీగా, నెలలవారీగా పర్యాటకుల లెక్కలున్నాయట. 2016 నుంచి 2019 దాకా పట్టికలు తీసుకుని కుర్రవాళ్ళు రంగురంగుల గ్రాఫులు చేస్తున్నారు. స్వదేశీ పర్యాటకుల్లో మెదక్ జిల్లా మొదటి పది జిల్లాల్లో ఉంది. బిడ్డకు మహా సంబరం.

నాకు ఆ గ్రాఫు చూస్తే పాత ఆఫీసు వాసన వచ్చింది. ఆ అంకెలు ఎట్లా పుడతాయో తెలిసినవాణ్ణి కాబట్టి. పట్టికలో ఉన్నవి మనుషులు కాదు, రాకలు. ఒక కుటుంబం పొద్దున ఏడుపాయలకు పోయి, మధ్యాహ్నం మెదక్ ఖిల్లా ఎక్కి, సాయంత్రం చర్చి చూసిందనుకుంటే, మూడు చోట్లా లెక్కపెట్టేవాళ్ళుంటే అయిదుగురు పదిహేనుమంది అవుతారు. ఐక్యరాజ్యసమితి నిర్వచనం ప్రకారం రాత్రి ఉండిపోయినవాడే టూరిస్టు, అదే రోజు తిరిగి వెళ్ళినవాడు వేరే ఖాతా. ఆ నిర్వచనం కచ్చితంగా పెడితే మన మెదక్ అంకె ఎంతకు దిగుతుందో! ఇక్కడికి వచ్చేవాళ్ళు నూటికి తొంభైమంది పైగా చీకటి పడకముందే హైదరాబాద్ దారి పడతారని కళ్ళతో చూస్తున్నదే. వంద కిలోమీటర్ల దూరం మనకు వరమూ అదే, శాపమూ అదే. 2022 సెప్టెంబర్ నుంచి అక్కన్నపేట మీదుగా రైలు కూడా వచ్చాక వచ్చిపోవడం ఇంకా సులువైంది.

బిడ్డకు ఇదంతా చెప్తే "నువ్వెప్పుడూ గింతే బాపు, ఉన్న డేటాను మెచ్చుకోవు" అంది. మెచ్చుకోకపోవడం కాదు. ఉద్యోగమంతా కింది నుంచి పైకి అంకెలు పంపాను. మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి. పైకి పోయిన అంకె మళ్ళీ కిందికి దిగి, అది ఇచ్చినవాడికి ఒక పూట పనికొచ్చిందా అంటే, వాన లెక్క తప్ప నాకు ఏదీ గుర్తు రావడం లేదు.

27 ఫిబ్రవరి 2025, గురువారం

ఏడుపాయల శివరాత్రి జాతర రెండో రోజు. బండ్లు తిరిగే రోజు. డిగ్రీ కాలేజీ పిల్లలు నలుగురు నా వెంట. వాళ్ళకు ప్రాజెక్టు కావాలి, నాకు కాళ్ళు కావాలి. ఒకడు సెల్‌ఫోన్ స్టాండు పెట్టి వీడియో తీసి, తలల్ని కంప్యూటరే లెక్కపెడుతుందన్నాడు. పెట్టనిచ్చాను. పక్కనే ఇంకొకడికి కాగితం ఇచ్చి గంటకు పది నిమిషాల చొప్పున బండ్లు లెక్కపెట్టమన్నాను: కారు, ఆటో, ట్రాక్టరు, బస్సు వేరువేరుగా.

గంటన్నర తర్వాత ఫోను వేడెక్కి ఆగిపోయింది. ఆగేలోపు తీసిన వీడియోలో ట్రాక్టరు ట్రాలీని ఒకచోట ఒక మనిషి అని, ఇంకోచోట నలుగురని చెప్పింది. ట్రాలీలో ఇరవైమందికి తక్కువ లేరు. ఆడవాళ్ళు, పిల్లలు, మధ్యలో గడ్డి మీద పడుకోబెట్టిన ముసలాయన, ఒక మేకపోతు. "సార్, మనుషులు ఒకరి మీద ఒకరు ఉంటే మోడల్ పట్టదు" అన్నాడు పిల్లవాడు. పట్టేటట్టు నేర్పాలంటే ఇట్లాంటి ట్రాలీల ఫోటోలు వేలల్లో చూపించాలట. మరి ఎవరో ఎక్కడో వాళ్ళ రోడ్ల మీది బొమ్మలు చూపించి నేర్పిన యంత్రానికి ఏడుపాయల ట్రాక్టరు తెలియమంటే ఎట్లా తెలుస్తుంది?

మంజీర ఏడు పాయలై చీలిన చోట, రాతిగుండ్ల మధ్య వనదుర్గమ్మ. దర్శనం ఒక పూట పని. మిగిలిన రోజంతా చెట్ల కింద. మూడు రాళ్ళ పొయ్యి, యాట కూర, అన్నం, చాపలు, నిద్ర. ఇక్కడికి వచ్చే మనిషిని ఒక తలగా లెక్కపెడితే ఏమీ తెలియదు. ఇక్కడ లెక్క పొయ్యికి. పొయ్యికి ఎన్ని నీళ్ళు, పొయ్యి చుట్టూ ఎంత చెత్త, ఎన్ని మరుగుదొడ్లు అన్నది చూడాలి.

వంట సామాన్లు కిరాయికిచ్చే ఆమె దగ్గర నీళ్ళు తాగడానికి ఆగాము. గంజులు సైజులవారీగా బోర్లించి ఉన్నాయి, పక్కన పొడుగాటి లెక్కల పుస్తకం, దారంతో కట్టిన పెన్ను. ప్రతి వరుసలో తారీకు, సామాను, తీసుకున్నవాళ్ళ ఊరు, అడ్వాన్సు. జహీరాబాద్, నారాయణఖేడ్, బీదర్, జోగిపేట, మళ్ళీ బీదర్, కుత్బుల్లాపూర్. పిల్లలు ఇంకా ఫోను చల్లార్చే పనిలోనే ఉన్నారు. నా కళ్ళు ఆ ఊరు కాలమ్ మీద నిలబడిపోయాయి.

9 మార్చి 2025, ఆదివారం

పిల్లలు గూగుల్ మ్యాప్స్‌లోని రివ్యూలు పోగు చేసుకొచ్చారు. చర్చికి గుట్టలు గుట్టలుగా. ఖిల్లాకు ఒక మోస్తరు. ఏడుపాయలకు ఉన్నాయి, కానీ చదువుతుంటే రాసినవాళ్ళంతా కార్లల్లో వచ్చినవాళ్ళే అనిపిస్తుంది: పార్కింగు, రోడ్డు, కోతులు. తెలుగులో రాసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ట్రాలీలో గడ్డి మీద పడుకుని వచ్చిన ముసలాయన ఎన్ని స్టార్లు ఇస్తాడు? ఆయన మనుమడు ఫోన్లో వీడియో తీసి స్టేటస్ పెట్టుకుంటాడు, రేపటికి అది పోతుంది.

అందుకని రివ్యూలను పారేయమనలేదు. అవి ఎవరి మాటలో పైన రాయమన్నాను. సర్వేలో ఎవరిని అడిగామో చెప్పకుండా ఏమన్నారో చెప్పడం మా శాఖలో తప్పు కిందే లెక్క.

ఇంకో సంగతి బయటపడింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఏడుపాయలను ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు. దాంతో మ్యాపులో ఒకే గుడికి రెండు మూడు గుర్తులు. ఒక పిల్ల కూర్చుని వాటిని సరిచేయమని పంపింది. తెలుగు వికీపీడియాలో మన ఊరి పేజీ కూడా తెరిచి చూసింది. అది ఎవరైనా దిద్దొచ్చని ఆ పిల్లకు ఇవాళే తెలిసింది. "మరి ఎవలైనా తప్పు రాస్తే, సార్?" "నువ్వు దిద్దు" అన్నాను.

23 మార్చి 2025, ఆదివారం

ఖిల్లా. ఎండ ఇప్పుడే మండిపోతోంది. ప్రథమ ద్వారం, సింహాలున్న సింహ ద్వారం, ఏనుగులు చెక్కిన గజ ద్వారం. ఒక చోట క్యూఆర్ కోడు బోర్డు కనిపించింది. ఎవరు పెట్టారో రాయను, మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. సూర్యుడికి ఎదురుగా పెట్టారు కాబట్టి నలుపు గళ్ళు వెలిసి బూడిదరంగుకొచ్చాయి. చాలాసేపు ఫోను అటూ ఇటూ తిప్పితే పట్టుకుంది, పట్టుకుని ఎక్కడికో తీసుకెళ్ళింది, అక్కడ పేజీ లేదంది. ద్వారం మీద రాతిలో చెక్కిన గండభేరుండం మాత్రం కాకతీయుల కాలం నుంచి ఏ కరెంటూ లేకుండా తన కథ తాను చెప్తోంది.

డిజిటల్ పనులకు డబ్బిచ్చేవాళ్ళు మొదటి రోజుకే ఇస్తారు. మూడో ఏడు ఆ లింకు బతికి ఉందో లేదో చూసే మనిషికి జీతం ఏ పద్దులోనూ ఉండదు. పల్లెల్లో వాననీటి కొలపాత్రలు పెట్టినప్పుడు మేము నేర్చుకున్న పాఠమే ఇది: పాత్ర ఖరీదు తక్కువ, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు పోయి చూసేవాడి ఖరీదు ఎక్కువ.

27 ఏప్రిల్ 2025, ఆదివారం

సాయంత్రం చర్చి మెట్ల మీద కూర్చున్నాను. పొద్దు గుంకాక కరీంనగర్ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఎండలో ప్రయాణం ఎందుకని చల్లబడ్డాక బయల్దేరారట. లోపలికి పోయి వచ్చిన పెద్దావిడ నన్నే అడిగింది. "గాజుల మీద బొమ్మలు శాన బాగుంటయంటే వచ్చినం, ఏవి అన్నా?"

ఏం చెప్పను? ఆ కిటికీలు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. యేసు ఆరోహణం, పుట్టుక, సిలువ. వెలుగు బయటి నుంచి గాజులోంచి దిగితేనే రంగులు లేస్తాయి. చీకటి పడితే లోపల ఎన్ని దీపాలు పెట్టినా అవి నల్లటి పలకలే. ఈ ఒక్క ముక్క వాళ్ళకు ఇంటి దగ్గరే తెలిసి ఉంటే ఒక పూట ముందు వచ్చేవాళ్ళు, లేదా రాత్రి ఇక్కడే ఉండి పొద్దున చూసి పోయేవాళ్ళు. అప్పుడు ఏ లాడ్జికో ఒక గది, ఏ హోటలుకో నాలుగు ప్లేట్ల ఇడ్లీ. మెదక్‌లో టూరిస్టులు ఒక రాత్రి నిలబడాలంటే రిసార్టులు కట్టాలని సభల్లో అంటుంటారు. ముందు "బొమ్మలు పొద్దున చూడండి" అని చెప్పి చూద్దాం.

అక్కడే కూర్చుని మ్యాప్స్‌లో నేనే రాశాను, నా జీవితంలో మొదటి రివ్యూ. తెలుగులో. వెలుగు ఉండగా రండి, లోపల చప్పుడు చేయకండి, పైకప్పు రెండు పొరలుగా కట్టి మధ్యలో ప్రతిధ్వని పుట్టకుండా చేశారు, గుసగుస కూడా వినిపిస్తుంది. స్టార్లు ఇవ్వకపోతే అది తీసుకోనంది. అయిదూ ఇచ్చాను.

17 ఆగస్టు 2025, ఆదివారం

ఏడుపాయల మూత. ఘనపురం ఆనకట్ట పొంగి, అమ్మవారి ముందు నుంచే మంజీర. రాజగోపురంలో ఉత్సవ విగ్రహానికి పూజలు. ఏటా వానాకాలంలో ఉండేదే. పాత డైరీలు తీసి రెండు కాలమ్‌లు పక్కపక్కన వేశాను. ఒకటి పైనున్న సింగూరు ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్ళు, పేపర్లో వచ్చే క్యూసెక్కులు. రెండోది గుడి మూసిన రోజులు. పెద్ద గణితం అక్కర్లేదు. పైన గేట్లు ఎత్తిన తర్వాత కింద ఏం జరుగుతుందో అక్కడి పూజారిని అడిగినా, చేపలు పట్టేవాళ్ళను అడిగినా చెప్తారు. 1905లో కట్టిన ఆనకట్ట అది, నూరేళ్ళ పైచిలుకు అనుభవం అక్కడి మనుషుల్లో ఉంది.

మరి ఇవాళ బీదర్ నుంచి పెద్ద బండి కట్టించుకుని వచ్చిన కుటుంబం పోలీసుల తాడు దగ్గర ఎందుకు ఆగిపోయింది? బండి మీద రెండు మేకలు అరుస్తున్నాయి. నీటిపారుదల శాఖకు సింగూరు సంగతి నిన్ననే తెలుసు. రెవెన్యూకు తెలుసు. గుడికి తెలుసు. బండి యజమానికి తెలియదు. ఈ నాలుగింటి మధ్య కావాల్సింది యాప్ కాదు, పొద్దున్నే ఒక వాట్సాప్ వాక్యం: "ఇవాళ దర్శనం రాజగోపురం దగ్గరే, వంటలకు వీలు లేదు." తెలుగులో, కన్నడంలో, మాటల్లో రికార్డు చేసి.

29 ఆగస్టు 2025, శుక్రవారం

వినాయక చవితి నాటి వాన. ఇట్లాంటిది నా సర్వీసులో చూడలేదు. హవేలీ ఘన్‌పూర్ వైపు ఊళ్ళు నీళ్ళల్లో, అక్కన్నపేట–మెదక్ పట్టాల మీద నీళ్ళు, రైళ్ళు బంద్. పోచారం కట్ట తెగుతుందని రాత్రంతా భయం. నిజాం కాలపు రాతి కట్ట, నిలబడింది. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సొసైటీ వాళ్ళ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల అంకెలు గంటగంటకూ ఫోన్లో చూస్తూ కూర్చున్నాను. మా కాలంలో మర్నాడు పొద్దున తెలిసేది ఇప్పుడు అదే గంటలో తెలుస్తోంది. మెచ్చుకోను అంటుంది గదా బిడ్డ, దీన్ని మెచ్చుకుంటున్నాను.

టూరిజం గురించి ఇవాళ ఏం రాస్తాను.

28 సెప్టెంబర్ 2025, ఆదివారం

మొన్న తిరుమలలో కొత్త కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు. కెమెరాలు, కృత్రిమ మేధ, క్యూలో ఎంతమంది ఉన్నారో, ఎంతసేపు పడుతుందో అంచనా. జనవరి జ్ఞాపకం ఉన్నవాళ్ళు ఎవరూ దీన్ని వద్దనరు. నాకు చూడాలనున్నది ఒక్కటే: ఆ తెర మీద ఎరుపు కనిపించిన నిమిషానికి, కింద గేటు దగ్గరున్న కానిస్టేబులుకు గేటు తెరిచే అధికారం ఉంటుందా, లేక ఆయన పైవాళ్ళ ఫోను కోసం చూస్తాడా?

బిడ్డ ఇంకా దూరం సంగతులు చెప్పింది. వెనిస్‌లో సెల్‌ఫోన్ సంకేతాలను బట్టి ఊళ్ళో ఎంతమంది ఉన్నారో కంట్రోల్ రూములో చూస్తారట. 2024 ఏప్రిల్ 25 నుంచి ఎంపిక చేసిన రోజుల్లో, పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళ దగ్గర అయిదు యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టారు. ఎస్టోనియాలో కేంద్ర బ్యాంకే మొబైల్ లెక్కలతో విదేశీ రాకపోకల అంచనా కడుతుంది. వినడానికి బాగుంది. వెనిస్ బాధ జనం ఎక్కువై. మన బాధ వేరు. ఏడాదిలో కొన్ని రోజులు జనం పట్టరు, మిగిలిన రోజుల్లో వచ్చినవాళ్ళు రెండు గంటల్లో పోతారు. వాళ్ళ మందు తెచ్చి మన ఒంటికి రాయలేము. ఏడుపాయల మూడు రోజుల జాతరకు మాత్రం టవర్లవారీగా ఎన్ని ఫోన్లు ఉన్నాయో మొత్తం అంకె ఇస్తే చాలు, నంబర్లు వద్దు, నీళ్ళ ట్యాంకర్లు ఎటు పంపాలో తెలుస్తుంది.

16 నవంబర్ 2025, ఆదివారం

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు మొన్న శుక్రవారం నోటిఫై అయ్యాయి. పిల్లలకు చదివి వినిపించాను. జాతరలో తీసిన వీడియోలు చెరిపేయించాను. లెక్క వచ్చేసింది, ముఖాలతో ఇంకేం పని?

మా వదినె పక్కన కూరగాయలు తరుగుతూ వింటోంది. తిరుమలలో గదికి పోతే ముఖం ఫోటో తీశారట. "నా మొఖం వాళ్ళెక్కడ దాస్తరు, ఎప్పుడు వాపసిస్తరు?" అంది. పిల్లలు నవ్వారు. ప్రశ్న సరిగ్గానే ఉంది, చట్టంలో కూడా అదే ప్రశ్న ఇంకాస్త పొడుగు వాక్యాల్లో ఉంది అన్నాను.

21 డిసెంబర్ 2025, ఆదివారం

ఏడుపాయల. ఆకాశం తేటగా ఉంది, పొయ్యిల పొగ గుండ్ల మీదుగా లేస్తోంది. సామాన్లామె దగ్గరికి మ్యాపులు దిద్దిన పిల్లను వెంటబెట్టుకుని పోయాను. ఫిబ్రవరి నుంచీ ఆ పుస్తకం నా మనసులో ఉంది. మెదక్ జిల్లాకు ఏ ఊరి నుంచి, ఏ వారం, ఎన్ని కుటుంబాలు వస్తాయో చెప్పగలిగింది ఏ పోర్టలూ కాదు, ఆ పుస్తకం. పాతవి కూడా రేకుల పెట్టెలో ఉన్నాయట.

"ఫోటోలు తీసుకుంటం చెల్లె" అన్నాను.

"ఎందుకు సారు?"

ఏ ఊరివాళ్ళు ఎక్కువొస్తే ఆ వైపు బస్సు అడగొచ్చని, ఆదివారాలకు నీళ్ళు ఎక్కువ పెట్టించొచ్చని చెప్పాను. ఆమె గంజు తోముతూనే విన్నది. తర్వాత నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. ఈ జాగాలకు ఏటేటా వేలం. ఆమెకు ఎన్ని గంజులు పోతున్నాయో నలుగురికీ తెలిస్తే వచ్చే ఏడు పాట ఎంతకు పోతుంది? "మీరు కంప్యూటర్ల పెడ్తరు, అండ్ల నా బతుకు అందరికి గనవడ్తది. కిరాయి పెంచేటోడు గదే ముందుగాల జూస్తడు."

సమాధానం దొరకలేదు. ఉద్యోగంలో ఎంతమంది రైతులు దిగుబడి తక్కువ చెప్పారో, ఎందుకు చెప్పారో తెలిసినవాణ్ణి. వాళ్ళను అబద్ధాలకోర్లనుకున్న పై అధికారులనూ చూశాను. అంకె బయటపడితే ఎవరి నెత్తిన పడుతుందో ఇచ్చేవాడికే ముందు తెలుస్తుంది.

చివరికి బేరం కుదిరింది. సామాన్ల కాలమ్ వద్దు, పైసల కాలమ్ వద్దు, పేర్లూ ఫోను నంబర్లూ అసలే వద్దు. తారీకు, ఊరు, అంతే. ఫోటో లేదు, చేత్తో రాసుకోవాలి. బదులుగా ఆమెకు శనివారం సాయంత్రానికల్లా కబురు కావాలి: సింగూరు గేట్లు ఎత్తారా, రేపు వానుందా. అక్షరాలు పంపితే చదవలేదు, నోటితో చెప్పి పంపాలి. పోయిన ఆగస్టులో ఆదివారం కోసమని మసాలాలు, బొగ్గులు తెచ్చిపెట్టుకుంటే అన్నీ తడిసి పోయినయట.

పిల్ల నోటుబుక్కు తెరిచి రాయడం మొదలుపెట్టింది. సామాన్లామె పక్కన కూర్చుని, పైసల కాలమ్ మీద అరచేయి ఆనించి, ఒక్కో వరుసకూ చేతిని కిందికి జరుపుతోంది. రెండు పేజీలు అయ్యేసరికి నర్సాపూర్ దిక్కు నుంచి ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. పుస్తకం టక్కున మూసి లేచింది.

"మిగిలింది వచ్చే ఆదివారం రాసుకుందువు బిడ్డ. ముందుగాల శనివారం ఫోన్ జెయ్యి, జేస్తవో లేదో జూస్త."